పసుపు రాళ్ళన్నియు పుష్యరాగములేనా?

నవరత్నములలో ఒకటైన పుష్యరాగమునకు నిఘంటువులు 'టోపాజ్' అని అర్థము చెప్పుచున్నవి. రత్న వర్తకులు అదే పేరుతో పసుపు వన్నెగల సఫైరును అమ్ముచున్నారు. ఈ రెండింటి సరసన మూడవదిగా సిట్రిన్ వచ్చి చేరినది. పూర్వులు వన్నెను బట్టి రాళ్ళకు పేర్లు పెట్టిరి. రసాయన విశ్లేషణ లేని కాలమున అంతకు మించి చేయుటకు వీలు లేదు. కాని నేటికిని అదే పద్ధతిని పట్టుకొని యుండుట క్షమింపదగినది కాదు.

సిట్రిన్ క్వార్ట్జ్ జాతి రాయి. ఏటి ఇసుకలోని సిలికన్ డయాక్సైడే దాని పదార్థము. టోపాజ్ ఫ్లోరిన్ గల అల్యూమినియం సిలికేట్. సఫైరు అల్యూమినియం ఆక్సైడ్. మోస్ కాఠిన్యమానమున ఇవి వరుసగా 7, 8, 9. సాంద్రతలు 2.65, సుమారు 3.5, 4.0. కావున ఒక గ్రాము, అనగా 5 కారట్ల రాయిని నీటిలో తూచినచో సిట్రిన్ సుమారు 0.38 గ్రాము, టోపాజ్ 0.28 గ్రాము, సఫైరు 0.25 గ్రాము బరువు తగ్గును. కన్ను మోసపోయిన చోట ఆర్కిమెడీస్ సూత్రము మోసపోదు.

నిమ్మజాతి పండును తెలుపు ఫ్రెంచి పదమునుండి 'సిట్రిన్' అను పేరు వచ్చినది. సహజమైన సిట్రిన్ అరుదు. అంగళ్ళలో కనబడు వానిలో అధిక భాగము ఊదారంగు అమెథిస్టును సుమారు 400–500 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాల్చగా వచ్చినవే. బ్రెజిల్ దేశపు రియో గ్రాండే దో సూల్ అమెథిస్టు ఇందుకు ప్రసిద్ధము. ఆ రాతిలో స్వల్పముగా నున్న ఇనుము యొక్క స్థితి వేడికి మారుటచే ఊదా పోయి పసుపు వచ్చును. బొలీవియాలోని అనహీ గనిలో ఒకే స్ఫటికమున ఊదా, పసుపు రెండును ప్రకృతిసిద్ధముగానే కనబడును.

రాతిని కాల్చుట తప్పు కాదు. కాల్చిన సంగతి దాచుట తప్పు. అంతకంటె పెద్ద తప్పు, క్వార్ట్జును 'గోల్డ్ టోపాజ్', 'మదీరా టోపాజ్' అని పిలుచుట. క్వార్ట్జును ఎంత కాల్చినను టోపాజ్ కానేరదు. అందులో అల్యూమినియము, ఫ్లోరిన్ వచ్చి చేరవు గదా!

ఈ పేర్ల వలన కొనువాడు ధనము నష్టపోవును. విద్యార్థికి కలుగు నష్టము వేరు: వన్నె వేరు, పదార్థము వేరు అను మొదటి పాఠమే చెదరిపోవును. సిట్రిన్ అందమైన రాయి. దానికి ఎరువు పేరు అక్కరలేదు.