మంచు అంటే ఏ మంచు?

కువైట్‌లో మన తెలుగువాళ్ళ వేడుకల్లో పిల్లల బొమ్మల ప్రదర్శన చూసినప్పుడల్లా నాకొక వెలితి కనిపిస్తుంది. "చలికాలం" అంటే చాలు, అందరూ వేసేది ఒకటే బొమ్మ: తెల్లటి హిమం, కోసుగా నిలబడ్డ చెట్లు, పొగగొట్టం ఉన్న ఇల్లు. గీత బాగుంటుంది, రంగులు బాగుంటాయి. కానీ ఆ చలికాలాన్ని ఆ పిల్లలు చూసి ఎరుగరు.

చిక్కు మన మాటలోనే ఉంది. గడ్డిపరక మీది బిందువూ మంచే, గోదావరి మీద తేలే తెరా మంచే, హిమాలయాల మీద పేరుకున్నదీ మంచే. కోనసీమ అమ్మమ్మ చెప్పే మంచు రెండోది. గ్రీటింగ్ కార్డు చూపించేది మూడోది. డిసెంబరు, జనవరి ఉదయాల్లో అప్పుడప్పుడూ ఇక్కడి తీరాన్ని కమ్మేది అమ్మమ్మ మంచే! దాన్ని మాత్రం ఎవరూ వేయరు.

నీటిరంగులకు ఇంతకంటే తగిన వస్తువేముంది? కాగితం తడిపి, ఆ తడి మీదే పలుచని బూడిదరంగు వదిలితే అంచులు వాటంతటవే కరిగిపోతాయి. ఎండాకాలం ఆరుబయట ఈ పని సాగదు. 2016 జులైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశమిది. రంగు పరుచుకునేలోపే ఆరిపోతుంది. కనుక ఇక్కడ చలికాలం బొమ్మకు వస్తువే కాదు, అదను కూడా.

పరాయిచోటు మనకేం పట్టుబడుతుందంటారా? ఇంగ్లండు నుంచి వచ్చి రాజమండ్రి కళాశాలకు ప్రిన్సిపాలైన కూల్డ్రే గోదావరి సీమను నీటిరంగుల్లో చూపించారు. దామెర్ల రామారావు (1897-1925)లోని చిత్రకారుణ్ణి గుర్తించి ప్రోత్సహించారు. 1905-06 చలికాలంలో సిరియా, పాలస్తీనా తిరిగిన సార్జెంట్ నీటిరంగుల్లో వేసిన "బెడూయిన్లు" బ్రూక్లిన్ మ్యూజియంలో ఉంది. ముఖాలను శ్రద్ధగా దిద్ది, దుస్తులను తడికుంచెతో విడివిడిగా వదిలేశారు. ఇద్దరూ పరాయివాళ్ళే. ఎదురుగా ఉన్నదాన్ని చూశారు, అంతే.

మనం ఇక్కడ ఎన్నేళ్ళున్నా అకామా మీద ఉన్నవాళ్ళమే. ఒకనాడు వెళ్ళిపోతాం. పిల్లలు తాము పెరిగిన చోటును వెంట తీసుకెళ్ళాలంటే ముందు దాన్ని చూడాలి కదా! వాన పడ్డాక ముదురురంగుకు తిరిగిన ఇసుక, జహ్రా దాటాక కనిపించే ముత్లా గట్టు, ఎడారిలో వెలిసే గుడారాలు, పచ్చబడే అర్ఫజ్ పొదలు - ఇదీ వాళ్ళ చలికాలం.

పోటీలు పెట్టే పెద్దలకు నా మనవి ఒక్కటే. ఈసారి పిల్లల్ని హాల్లో కూర్చోబెట్టకండి. ఒక శుక్రవారం ఉదయం సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళి, రంగులపెట్టె, సీసాడు నీళ్ళు చేతికివ్వండి. తెల్లకాగితం హిమానికే కాదు, మన పొగమంచుకూ సరిపోతుంది.