భాష మారినా చెయ్యి తడబడనివాళ్లు

రామగిరి, ధర్మవరం వైపు నుంచి బెంగళూరు వెళ్లి ప్రోగ్రాములు రాసి బతికే పిల్లల పనితనం నాకు భలే ముచ్చట. పొద్దున జావా, మధ్యాహ్నం పైథాన్. మొదట్లో విసుగే. జావాలో సెమీకోలన్ మరిస్తే కంపైలర్ ఊరుకోదు, పైథాన్‌లో వరుస ముందు ఖాళీ అటూఇటూ అయితే ప్రోగ్రామే నడవదు. కంటికి కనబడే తప్పులు కాబట్టి సర్దుకోవచ్చు. కనబడనివే ప్రాణం తీస్తాయి. మైనస్ 7ను 2తో పూర్ణాంక భాగహారం చేయమంటే జావా మైనస్ 3 అంటుంది, పైథాన్ మైనస్ 4 అంటుంది. ఒకటి సున్నా వైపు కుదిస్తుంది, ఇంకొకటి కిందికి దిగుతుంది. హెచ్చరిక ఏదీ రాదు, లెక్క మాత్రం తేడా కొడుతుంది.

తర్వాత నా భాషే గొప్పదన్న గర్వం ఎక్కుతుంది (అప్పుడు వాళ్లతో వాదన పెట్టుకోకండి). అదీ దిగాక అసలు నేర్పు మొదలవుతుంది. 1972లో పుట్టిన సీ నేర్చుకున్నవాడికి మెమరీ అంటే భయభక్తులుంటాయి. పైథాన్ రాసేటప్పుడూ అవి అక్కరకొస్తాయి. హిందూపురంలో తెలుగులో బేరం మొదలెట్టి కన్నడంలో ముగించే వ్యాపారిలా, మారిన భాషలోనే ఆలోచన సాగుతుంది. పైథాన్‌లో రాసిన జావా యాసను వాళ్లే పట్టుకుని తిరగరాస్తారు.

ఉద్యోగమిచ్చే అయ్యలారా, ఎన్ని భాషలొచ్చని అడగడం మానండి. భాష మారినప్పుడు ఏమేం సరిచూసుకుంటావని అడగండి.