ఉపయుక్త గ్రంథసూచిలో పాడిన మనిషికి చోటు లేదా?

వరినాట్ల పాటల మీద ఒక పరిశోధక విద్యార్థిని రాసిన వ్యాసాన్ని ఈ మధ్య చదివాను. ఆ పాటలు పుస్తకాల్లోంచి తీసుకున్నవి కావు. తన ఊళ్ళోనే, జీవితమంతా కూలికి నాట్లు వేసిన ఒక ముసలామె దగ్గర కూర్చుని రాసుకున్నవి. వ్యాసాన్ని ఒక పరిశోధన పత్రికకు పంపితే తిరిగి వచ్చింది. విషయం మీద ఒక్క మాట లేదు. నాలుగువైపులా అంగుళం మార్జిను ఉండాలి, వరుసల మధ్య రెట్టింపు ఖాళీ ఉండాలి, గ్రంథసూచి ఏపీఏ పద్ధతిలో ఉండాలి, అందులోంచి ఆ ముసలామె పేరు తీసెయ్యాలి. విద్యార్థిని మూడు రోజులు కూర్చుని అన్నీ సరిచేసింది. పేరు దగ్గర ఆగిపోయింది. "సార్, పాటల మీద పుస్తకాలు రాసినవాళ్ళంతా సూచిలో ఉన్నారు. పాట ఆమెది. ఆమె ఒక్కతే ఉండకూడదా?" అని అడిగింది.

ఇది టైపింగుకు సంబంధించిన ప్రశ్న కాదు. రూపానికీ సారానికీ ఉన్న సంబంధం గురించి మన విమర్శలో ఎంతో చర్చ జరిగింది. పద్యాన్ని ప్రశ్నించాం, గ్రాంథికాన్ని ప్రశ్నించాం. పరిశోధన వ్యాసం రూపాన్ని మాత్రం డీటీపీ వాళ్ళ పని అనుకుని వదిలేశాం. ఆ రూపానికీ ఒక సామాజిక స్వభావం ఉందని నా అభిప్రాయం.

అలాగని నియమాలన్నీ కుట్ర అనడం తేలిక విమర్శ. ఈ నియమాలు అవసరంలోంచి పుట్టాయి. చికాగో మాన్యువల్ 1906లో వచ్చింది. ఏపీఏ నియమావళి 1929లో ఏడు పేజీల వ్యాసంగా మొదలైంది. దాన్ని తయారుచేయడానికి మనోవిజ్ఞాన, మానవశాస్త్ర పండితులతోపాటు పత్రికల వ్యాపార నిర్వాహకులు కూడా కూర్చున్నారు. ఎంఎల్ఏ స్టైల్ షీట్ 1951 నాటిది. 1978లో కొందరు వైద్య పత్రికల సంపాదకులు కెనడాలోని వాంకూవర్‌లో సమావేశమై రాతప్రతులకు ఉమ్మడి పద్ధతి ఉండాలనుకున్నారు. ఒక పత్రిక తిప్పి పంపిన వ్యాసాన్ని ఇంకో పత్రిక కోసం మళ్ళీ మొదటినుంచీ టైపు చేసే చాకిరీని ఉమ్మడి పద్ధతి తగ్గిస్తుంది. రచయిత పేరు దాచి సమీక్షకు పంపడం, పేరు చూసి కులం లెక్కగట్టే మన సమాజంలో బలహీనుడికి రక్షణ. సూచి అంటేనే ఇతరుల శ్రమను ఒప్పుకోవడం. దాన్ని చాదస్తమని కొట్టిపారేసేవాడు ఇతరుల శ్రమను తనదిగా చెప్పుకోవడానికి తలుపు తెరిచి పెడుతున్నాడు.

అయితే ఎవరి శ్రమను ఒప్పుకోవాలన్నది ఎవరు తేల్చారు? ఏపీఏ పద్ధతిలో సంభాషణలు, ఉత్తరాలు 'వ్యక్తిగత సమాచారం' కింద వస్తాయి. వాటిని వ్యాసం మధ్యలో ప్రస్తావించవచ్చు, చివరి సూచిలో చేర్చకూడదు. పాఠకుడు వెతికి చూసుకోలేనిది సూచిలో ఎందుకన్నది దాని తర్కం. అచ్చుపుస్తకమే విజ్ఞానమయిన చోట ఆ తర్కం చెల్లుతుంది. నాలుక మీద బతికిన సాహిత్యానికి వర్తింపజేస్తే ఏమవుతుంది? పాటను సేకరించి అచ్చువేసిన ఆచార్యుడు 'రచయిత' అవుతాడు. పాడిన కూలిమనిషి బ్రాకెట్లో మిగిలిపోతుంది. రేపు ఇంకో పరిశోధకుడు ఈ విద్యార్థిని వ్యాసాన్ని ఉదహరిస్తాడు, ముసలామెను కాదు. దున్నేవాడు ఒకడు, పట్టా ఇంకొకడి పేర ఉన్నట్టే ఇదీ.

ఇది మార్చలేని ధర్మమేమీ కాదు. ఎంఎల్ఏ పద్ధతిలో ఇంటర్వ్యూను సూచిలో చేర్చవచ్చు. కెనడాలో ఆదివాసీ పెద్దలు చెప్పిన విజ్ఞానాన్ని పుస్తకాలతో సమానంగా సూచిలో చూపే నమూనాలను గ్రంథాలయ ఉద్యోగులే తయారుచేశారు.

పేర్ల సంగతి ఇంకా విచిత్రం. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. ఈ పద్ధతులు ఇంటిపేరుతో మొదలుపెట్టమంటాయి. దాన్ని అర్థం చేసుకోకుండా చివరి మాటే ఇంటిపేరనుకుంటే సురవరం ప్రతాపరెడ్డి 'రెడ్డి, సురవరం ప్రతాప' అవుతాడు. అంటే ఇంటిపేరు పోయి కులం పేరు అకారాది క్రమానికి తలమానికం అవుతుంది. ఒక సాంకేతిక నియమం మన గ్రంథసూచిని కులాల జాబితాగా మార్చగలదు!

ఆ ప్రతాపరెడ్డే ఒక దారి చూపించాడు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు ఆయన వాదంతో సరిపెట్టలేదు. 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి 354 మంది కవులను ముందు నిలబెట్టాడు. ఎవరి పేరు ఎక్కుతుంది, ఎవరిది ఎక్కదు అన్నది రాజకీయమేనని ఆ సంచిక రుజువు చేసింది.

కొలతలు సరిపోతే చాలుననే ధోరణికి ఫలితం కూడా చూశాం. యూజీసీ 2018లో 'కేర్' పేరుతో నాణ్యమైన పత్రికల జాబితా పెట్టింది, 2025లో ఎత్తేసింది. డబ్బు కట్టించుకుని వ్యాసాలు అచ్చువేసే పత్రికలు జాబితాలకు లొంగలేదు. అక్కడ మార్జిన్లు సరిగ్గానే ఉంటాయి, లోపల సరుకే ఉండదు.

విద్యార్థిని వ్యాసంలోనూ లోపం ఉంది, ఆమెకూ చెప్పాను. పాట ఏ రోజున, ఎక్కడ పాడిందో రాయలేదు. పాడిన గొంతును ఫోనులో రికార్డు చేసి అక్కడే వదిలేసింది. చాలాచోట్ల 'జానపదులు' అని రాసి ఊరుకుంది. పేరున్న మనిషిని పేరులేని గుంపులో కలపడం పత్రిక చేసిన పనికంటే చిన్న తప్పేమీ కాదు. పాఠకుడు వెతికి చూసుకోగలగాలన్న షరతు న్యాయమైనదే. రికార్డును ఒక గ్రంథాలయంలో భద్రపరిస్తే ఆ షరతు తీరుతుంది. అప్పుడది ఉత్త సంభాషణ కాదు, ఎవరైనా వెళ్ళి వినగల ఆధారం.

అందువల్ల నా ప్రతిపాదన ఇది. మన పత్రికలైనా గ్రంథసూచికి ముందు 'పాడినవారు, చెప్పినవారు' అనే పట్టిక ఉండాలని నియమం పెట్టుకోవాలి. అందులో పేరు, ఊరు, చేసే పని, తేదీ, రికార్డు ఉన్న చోటు ఉండాలి. పేరు వేయడానికి ముందుగా వాళ్ళ అనుమతి తీసుకోవాలి. వద్దన్న మనిషి పేరు బయటపెట్టే హక్కు మనకు లేదు.

విద్యార్థిని మళ్ళీ ఊరికి వెళ్ళి ఆ ముసలామెను అడిగింది. "నా పేరు నీ కాయితంలో ఎందుకే బిడ్డా?" అని నవ్వి, తన పేరుతోపాటు తనకు పాట నేర్పిన అత్త పేరు కూడా రాయమన్నదట. మన ఆచార్యులకంటే ఆమెకే గ్రంథసూచి అంటే ఏమిటో బాగా తెలుసు.