పడుకున్న కంప్యూటర్‌ని లేపుతున్నదెవరు?

తెర నల్లబడగానే కంప్యూటర్ పడుకుందనుకుంటాం. పడుకున్నది మానిటర్ ఒక్కటే. బల్ల కింద సీపీయూ డబ్బాలో ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. స్క్రీన్‌సేవర్ పెట్టినా అంతే. పాతకాలపు గాజు తెరల మీద ఒకే బొమ్మ నిలిచిపోయి మచ్చ కట్టకుండా చేసుకున్న ఏర్పాటది, కరెంటు ఆదాకి కాదు. పని లేకుండా వెలుగుతున్న డెస్క్‌టాప్ 50 వాట్లు లాగుతుందనుకోండి. సాయంత్రం 6 నుంచి పొద్దున 9 దాకా ముప్పావు యూనిట్, నెలకి 22 యూనిట్ల పైనే. స్లీప్‌లో 3 వాట్లే అయితే అవే గంటలకి నెలంతా కలిపినా ఒకటిన్నర యూనిట్ దాటదు. కరెంటు బిల్లు శ్లాబు అంచున ఉన్న ఇంటికి ఈ తేడా చిన్నది కాదు.

అయినా స్లీప్ అంటే భయపడేవాళ్లు ఎక్కువ. కరెంటు పోతే పని పోతుందని. ఆ భయం నిజమైనదే, దాన్ని తీసిపారేసే సలహాలు నాకు నచ్చవు. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996లో తెచ్చిన ఏసీపీఐ ప్రమాణంలో ఈ నిద్రలకి మెట్లున్నాయి. ఎస్3 అంటే మామూలు స్లీప్. అందులో ప్రాసెసర్, డిస్క్, ఫ్యాన్లు ఆగిపోతాయి, ర్యామ్‌కి మాత్రం కరెంటు అందుతూ ఉంటుంది. ర్యామ్‌లోని ప్రతి గదీ అడుగున చిల్లి పడిన చిన్న కుండ. మామూలుగా 64 మిల్లీసెకన్లకోసారి నింపకపోతే అందులో ఉన్నది కారిపోతుంది. సరఫరా తెగిందా, దాచుకోని పేజీ పోయినట్టే. ఎస్4 అంటే హైబర్నేట్. అది ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్‌కి రాసేసి ఆగిపోతుంది. ఇక ప్లగ్ పీకినా ఫరవాలేదు.

ల్యాప్‌టాప్‌కి లోపలే బ్యాటరీ ఉంటుంది. డెస్క్‌టాప్‌కి లేదు. అందుకే దానికోసం విండోస్ విస్టా నుంచీ హైబ్రిడ్ స్లీప్ ఉంది. ర్యామ్‌కి కరెంటు ఇస్తూనే డిస్క్‌లో కూడా ఒక ప్రతి రాసి పెడుతుంది. కరెంటు ఉంటే చటుక్కున లేస్తుంది, పోయి వస్తే డిస్క్ నుంచి నిదానంగా లేస్తుంది. వేసవిలో ఎప్పుడు కరెంటు పోతుందో తెలియని ఊళ్లలో ఇంతకు మించిన ఏర్పాటు లేదని నా గట్టి నమ్మకం. యూపీఎస్ ఉందిగా అంటారు. మామూలు ఇంటి యూపీఎస్ ఫైలు సేవ్ చేసుకునేందుకు కొన్ని నిమిషాలు ఇస్తుంది, రాత్రంతా కాపలా కాయదు. ఇంకో మాట: సీ డ్రైవ్‌లో చోటు కోసం హైబర్నేట్‌ని ఎవరైనా తీసేసి ఉంటే, దానితోపాటు హైబ్రిడ్ స్లీప్ కూడా పోతుంది. రిపేరుకిచ్చి తెచ్చుకున్న మిషన్‌లో ఇది తప్పక చూసుకోవాలి.

నాకు బాగా ఇష్టమైన పని, అర్ధరాత్రి తనంతట తాను లేచిన కంప్యూటర్‌ని లేపిందెవరో పట్టుకోవడం. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ ఆదేశానికి ‘లాస్ట్‌వేక్’ చేర్చి అడిగితే, చివరిసారి లేపిన పరికరం పేరు చాలాసార్లు దొరుకుతుంది. తరచూ అది మౌసే. బల్ల కదిలినా కదలికే అనుకుని లేపేస్తుంది. డివైస్ మేనేజర్‌లో మౌస్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో లేపే అనుమతికున్న టిక్కు తీసేస్తే సరి. కీబోర్డుకి ఉంచుతాను. నెట్‌వర్క్ కార్డుకైతే మ్యాజిక్ ప్యాకెట్, అంటే లేపడానికే పంపే ప్రత్యేక సందేశం, వస్తేనే లేపమని చెప్పొచ్చు. అసలు పడుకోనే పడుకోని మిషన్‌కి ‘రిక్వెస్ట్స్’ చేర్చి అడగాలి. బ్రౌజర్‌లో ఆడుతూ వదిలేసిన పాటో వీడియోనో బయటపడుతుంది.

నా బల్ల మీద తెరకి 10 నిమిషాలు, స్లీప్‌కి 30. ఊరెళ్లేటప్పుడు మాత్రం హైబర్నేటే. కొత్త విండోస్‌లలో అది పవర్ మెనూలో సాధారణంగా కనిపించదు. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో, పవర్ బటన్ ఏం చేయాలో అడిగే చోట టిక్కు పెడితే వస్తుంది. మిషన్ పూర్తిగా ఆగాక గోడ దగ్గర స్విచ్ కూడా తీసేసి వెళ్లొచ్చు.