నిన్న ఏమైంది?

‘మామయ్యా, కార్తీక దీపం మొదటి నుంచి చూద్దామనుకుంటున్నా’ అంది మా మేనకోడలు. 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరిలో ముగిసిన సీరియల్ అది. మొత్తం 1,569 ఎపిసోడ్లు. ప్రకటనలు పోగా ఒక్కోటి ఇరవై నిమిషాలనుకున్నా 523 గంటలు. రోజూ రెండు గంటలు కూర్చుంటే దాదాపు తొమ్మిది నెలలు!

నేనూ ఒకప్పుడు ఆ పని మొదలుపెట్టాను. ఫోన్లో, ఒక్కడినే, రోజుకు ఆరేడు ఎపిసోడ్లు. రెండు వారాలకే విసుగొచ్చింది. నిన్నటి సీనే ఇవాళ మళ్లీ వస్తుంది. ఎవరో ఒక మాట అనగానే గదిలో ఉన్నవాళ్ల ముఖాలన్నీ వరసగా చూపిస్తారు. నిజం బయటపడే సమయానికి ఆపేస్తారు. అదే సీరియల్‌ని అమ్మ పక్కన కూర్చుని చూసినప్పుడు ఈ విసుగు లేదు. ‘నిన్న ఏమైంది?’ అని అడిగేవాణ్ణి, ఆవిడ చెప్పేది, ఇద్దరం కలిసి అందులోని విలన్ మోనితను తిట్టుకునేవాళ్లం.

డైలీ సీరియల్ రాసేవాళ్ల మనసులో ఉండేది నిన్న ఇంట్లో కరెంటు పోయినవాళ్లు, పెళ్లికెళ్లి వారం రోజులు చూడనివాళ్లు, పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చి కూర్చున్నవాళ్లు. అందుకే ముఖ్యమైన సంగతి మళ్లీ మళ్లీ చెప్తారు. రేపటిదాకా ఆగడం కూడా ఆ కథలో భాగమే. వరసపెట్టి చూస్తే ఎదురుచూపు పోయి సాగదీత మిగులుతుంది.

కథను మొదటి నుంచి కాకుండా కావలసిన చోట అందుకోవడం మనవాళ్లకు పాత అలవాటే. వానల కోసం భారతంలోని విరాటపర్వం చదివించిన ఊళ్లు ఆదిపర్వం నుంచి మొదలుపెట్టలేదు. గజేంద్రమోక్షం నోటికొచ్చిన పెద్దవాళ్లు ఎందరో ఉన్నారు. భాగవతం పన్నెండు స్కంధాలూ చదివాకే వాళ్లు ఆ పద్యాలు పట్టుకోలేదు.

అన్నిటికీ ఈ మాట చెల్లదు. 62 ఎపిసోడ్ల ‘బ్రేకింగ్ బ్యాడ్’ సీరియల్‌ను మధ్యలో అందుకోకూడదు. ఒక కెమిస్ట్రీ టీచరు మెట్టు తర్వాత మెట్టు దిగజారడమే అక్కడ కథ. పై మెట్టు మీద అతన్ని చూడకపోతే ఎంత కిందికి పడ్డాడో తెలియదు. కార్తీక దీపం నాయిక దీప కథకూ అలాంటి పునాది ఉంది. నల్లగా ఉందని చిన్నచూపుకు గురైన ఆ పిల్లను డాక్టర్ కార్తీక్ కోరి చేసుకున్నాడు. తర్వాత అనుమానించాడు. ఆ ప్రేమా, ఆ అనుమానమూ చూడనివాళ్లకు వంటలక్కగా బతికే దీప ఆత్మాభిమానం ఉత్త మొండితనంలా కనబడుతుంది.

అందుకే మా మేనకోడలికి ఇలా చెప్పాను: వాళ్ల పెళ్లి నుంచి విడిపోవడం దాకా ఒక్క ఎపిసోడ్ కూడా వదలకు. ఆ తర్వాత నీ ఇష్టమొచ్చిన చోటికి వెళ్లు. మధ్యలో ఏదైనా అర్థం కాకపోతే అమ్మమ్మను అడుగు. ఐదేళ్ల కథను ఆవిడ పది నిమిషాల్లో చెప్తుంది. ఏది చూడాలో, ఏది వదిలేయొచ్చో ఆవిడకు తెలుసు.