బీపీ దానంతటదే దిగితే

కరీంనగర్ దగ్గర మా పల్లె దవాఖానలో నర్సమ్మ బీపీ చూసే తీరు నాకు నచ్చుతుంది. రాగానే చెయ్యి చాపమనదు. ఐదు నిమిషాలు కుర్చీకి ఆనుకొని కూర్చోవాలి. పాదాలు నేలకు తగలాలి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీదుండాలి. "కాకా, జరసేపు ముచ్చట బందు పెట్టుండ్రి" అంటుంది. పట్టీ బిగిసినప్పుడు మాట్లాడితే అంకె పెరుగుతుంది మరి. మా దిక్కు మనుషులకు అన్నిటికన్నా కష్టమైన షరతు ఇదే.

ఈమధ్య జన్మంతా కల్లు కోసం తాళ్ళెక్కిన ఓ పెద్దమనిషి వచ్చాడు. "గోలీ బందు పెట్టిన బిడ్డా, బీపీ దానంతటదే దిగింది" అని ఒకటే సంబరం. మిషన్ కూడా 110/70 అంది. నర్సమ్మ మాత్రం మురవలేదు. కనురెప్ప కిందికి లాగి పచ్చదనం వెతికింది. చీలమండ పైన బొటనవేలితో కాసేపు నొక్కి వదిలింది. పడ్డ గుంట అట్లనే ఉండిపోయింది. లివర్ మీద అనుమానంతో పెద్ద దవాఖానకు చీటీ రాసిచ్చింది.

రక్తనాళాలను బిగించి బీపీ పెంచే యాంజియోటెన్సిన్‌కు ముడిసరుకు తయారయ్యేది లివర్‌లోనే. తాగుడుతోనో, కొవ్వుతోనో, హెపటైటిస్‌తోనో లివర్ గట్టిపడి సిర్రోసిస్ ముదిరితే ఒంట్లో రక్తనాళాలు వదులవుతాయి, చేతి దగ్గర బీపీ పడిపోతుంది. పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే పోర్టల్ సిరలో మాత్రం ఒత్తిడి పెరుగుతుంది. మన పట్టీకి అది అందదు. పొట్టలో నీరు చేరినా, రక్తం కక్కుకున్నా దాని వెనకున్నది ఆ ఒత్తిడే. తాగే మనిషికి ఏళ్ళనాటి బీపీ ఊరికే తగ్గిందంటే నాకు భయమే.

బీపీ గోలీలు లివర్‌ను పాడుచేస్తాయని మానేసేవాళ్ళు ఊరికి పదిమంది. మామూలు గోలీలతో అంత ప్రమాదం అరుదు. కాకపోతే ఆమ్లోడిపిన్‌ను అరగదీసేది లివర్, టెల్మిసార్టాన్ బయటికి పోయేది పైత్యరసంతో. లివర్ దెబ్బతింటే మోతాదు మార్చాలి, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

లివర్ జబ్బు మొదటి దశ కథ వేరు. ఫ్యాటీ లివర్, హై బీపీ జంటగా తిరుగుతాయి, చుక్క ముట్టనివాళ్ళలోనూ. 2021లో కేంద్రం ఫ్యాటీ లివర్‌ను బీపీ, షుగర్ల కార్యక్రమంలో కలిపింది. నడుము చుట్టుకొలత మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే అనుమానించాలి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, ఊపిరి వదిలాక చుట్టాలి. పొట్ట లోపలికి పీల్చే తెలివి అందరికీ ఉంది. బీపీ పట్టీకి ఉన్న మర్యాద టేపుకు ఇంకా రాలేదు.

ఆదిలాబాద్ గూడేల్లో ఇప్పసారా దేవుడి పూజకూ కావాలి. దానిమీద పట్నపోళ్ళ ఉపన్యాసాలు నాకు గిట్టవు. రోజూ తాగితే మాత్రం అది కల్లైనా, సారా అయినా, సీలు వేసిన సీసా అయినా ముందు బీపీ పెంచుతుంది, తర్వాత లివర్ పని పడుతుంది. స్కానింగుకు ఆదిలాబాద్ రిమ్స్ దాకా పోవాలంటే లోపలి గూడెం మనిషికి ఒక రోజు కూలీ పోయినట్టే. ఆశా కార్యకర్త సంచిలో టేపు ఉంటే ఎవరిని పంపాలో ఇంటి ముందే తేలుతుంది.