గేర్ల బండి చదువు

మొఘల్‌పురా సందుల్లో గేర్ల కారు నడపడం వచ్చినవాళ్లకు హైదరాబాద్‌లో మరే రోడ్డూ కష్టం కాదు. చార్మినార్‌కు కూతవేటు దూరంలో ఉన్న ఈ పేట దారులు కార్లు పుట్టకముందే ఏర్పడ్డవి. ఒక పక్క గోడ వారగా నిలిపిన బైకులు, ఇంకో పక్క పండ్ల బండి, ఎదురుగా ఆటో, వెనక ఆగని హారన్. రంజాన్ రాత్రుళ్లు, బోనాల ఊరేగింపు రోజులు, మొహర్రం సమయం వస్తే చార్మినార్ వైపు రోడ్డు మూస్తారు. అక్కడ తిరగాల్సిన బండ్లన్నీ పక్క దారులు పడతాయి. అప్పుడు కారు మనిషి నడకకన్నా నెమ్మదిగా, అడుగు అడుగుగా కదలాలి. ముందున్నవాళ్లకు తగలకూడదు, వెనక్కి జారకూడదు, ఇంజన్ ఆగిపోకూడదు. ఈ మూడూ ఎడమకాలి పాదం కింద ఉన్న క్లచ్ మీద ఆధారపడ్డ పనులు.

ఇప్పుడు కొత్తగా కారు కొనే ప్రతి ఇంట్లో ఒక చర్చ జరుగుతోంది. గేర్లదా, ఆటోమేటిక్కా? చిన్న కార్లలో ఆటోమేటిక్‌కి దాదాపు రూ.50 వేలు ఎక్కువ పెట్టాలి. ట్రాఫిక్‌లో కాలికి సుఖం కదా అని చాలామంది పెడుతున్నారు కూడా. కొనేది ఏదైనా కావచ్చు. నేర్చుకోవడం మాత్రం గేర్ల బండి మీదే నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ముందు గేరు చేసే పని చూడాలి.

గేరు ఎందుకు

పెట్రోల్ ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు దానికి బలం తక్కువ. నిలబడ్డ కారును కదిలించడానికి బలం ఎక్కువ కావాలి. ఈ రెంటికీ మధ్య లెక్క కుదిర్చేదే గేర్‌బాక్స్. చిన్న కారు ఫస్ట్ గేర్‌లో ఉంటే చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజన్ దాదాపు 14 చుట్లు తిరుగుతుంది. వేగం తక్కువ, బలం ఎక్కువ. అదే కారు ఐదో గేర్‌లో ఉంటే ఇంజన్ మూడు చుట్లు తిరిగేసరికి చక్రం ఒక చుట్టు పూర్తి చేస్తుంది. వేగం ఎక్కువ, బలం తక్కువ. లాగుడు కావాలంటే కింది గేరు, పరుగు కావాలంటే పై గేరు. ఈ ఒక్క సంగతి ఒంటికి పట్టినవాళ్లకు ఎత్తు ఎక్కాలన్నా, లారీని దాటాలన్నా, నలుగురు కూర్చున్న కారు మూలుగుతున్నా ఏం చేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

గేరు ఎప్పుడు మార్చాలన్నది మీటరు చూసి నేర్చుకునేది కాదు. ఇంజన్ గొంతు పెరిగి గోల పెడుతుంటే పై గేరు అడుగుతోందని అర్థం. బండి వణుకుతూ ముక్కుతుంటే కింది గేరు అడుగుతోందని అర్థం. కొన్నాళ్లకు ఆ చప్పుడు చెవిన పడగానే చేయి తనంతట తాను గేరు రాడ్ మీదకు పోతుంది. పాతబస్తీ ఆటోవాలాలు ఎడమచేతి గ్రిప్పు తిప్పి గేర్లు మారుస్తూనే పక్క ఆటోవాలాతో మాట్లాడగలిగేది ఈ చెవి సాధన వల్లే.

హాఫ్ క్లచ్

తిరుగుతున్న ఇంజన్‌కూ ఆగి ఉన్న చక్రాలకూ మధ్య ఉండేది క్లచ్ ప్లేట్. పెడల్ తొక్కితే ఇంజన్ వేరు, చక్రాలు వేరు. పూర్తిగా వదిలితే రెండూ ఒకటి. ఈ రెంటి మధ్య, ప్లేటు పట్టీపట్టనట్టు ఆనే చోటును డ్రైవర్లు హాఫ్ క్లచ్ అంటారు. నీళ్లు నిండిన బిందెను ఒకరి చేతిలోంచి ఒకరు అందుకునేటప్పుడు ఒక క్షణం నాలుగు చేతులూ బిందె మీదే ఉంటాయి. అవతలివాళ్లకు బరువు అందిందని తెలిశాకే ఇవతలివాళ్లు వదులుతారు. క్లచ్ వదలడం కూడా అంతే. బరువు అందకముందే వదిలితే బండి ఎగిరిపడి బంద్ అవుతుంది.

అందుకే మంచి ఉస్తాద్ మొదటిరోజు యాక్సిలరేటర్ జోలికి పోనివ్వడు. సమతలం మీద ఫస్ట్ గేర్ వేయించి, "ఆహిస్తా ఛోడో" అంటూ క్లచ్ ఒక్కటే మెల్లగా వదిలిస్తాడు. ఇంజన్ చప్పుడు ఒక మెట్టు దిగుతుంది, బానెట్ కాస్త లేచినట్టవుతుంది, స్టీరింగ్‌లో సన్నని వణుకు పుడుతుంది. అదే ప్లేటు ఆనిన చోటు. అక్కడ పాదం నిలిపితే రేస్ ఇవ్వకుండానే కారు కదులుతుంది. ఈ చోటు ప్రతి బండికీ వేరుగా ఉంటుంది. ప్లేటు అరిగేకొద్దీ అదే బండిలోనూ మారుతుంది. కొత్త బండి ఎక్కిన అనుభవజ్ఞుడు ముందుగా రెండుసార్లు క్లచ్ తొక్కి వదిలి చూసేది దీనికోసమే.

సందుల్లో కారును అడుగుల లెక్కన జరిపేది ఈ హాఫ్ క్లచ్చే. అయితే దాన్ని అవసరమైనంత సేపే వాడాలి. పాదం ఊరికే పెడల్ మీద ఆనించి నడిపితే ప్లేటు రాసుకుని వేడెక్కుతుంది, మాడిన వాసన వస్తుంది. ఇంజన్ గట్టిగా తిరుగుతున్నా బండి వేగం పెరగడం లేదంటే ప్లేటు పని అయిపోయిందన్నమాట. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేసి కాలు తీసేయడం, ముందు బండి బాగా జరిగాక ఒకేసారి జరగడం, ఈ రెండు అలవాట్లూ ప్లేటుకు ఆయుష్షు, మోకాలికి విశ్రాంతి.

ఎత్తు, పల్లం

మొఘల్‌పురా నుంచి దక్షిణంగా వెళ్తే షాలిబండ, ఇంజన్ బౌలి దాటాక రోడ్డు ఫలక్‌నుమా వైపు ఎత్తెక్కుతుంది. ఆ ఎత్తులో ట్రాఫిక్ ఆగినప్పుడే అసలు పరీక్ష. హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంచాలి. ఫస్ట్ గేర్ వేసి, కొద్దిగా రేస్ ఇచ్చి, ప్లేటు ఆనేదాకా క్లచ్ వదలాలి. కారు ముందుకు పోవడానికి తహతహలాడుతుంటే అప్పుడు హ్యాండ్‌బ్రేక్ దించాలి. వెనక్కి అంగుళం కూడా జారకూడదు. ఇది ఉస్తాదులు కల్పించిన కష్టం కాదు, చట్టంలోనే ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 15వ నిబంధన డ్రైవింగ్ టెస్టులో ఏమేం చూడాలో చెబుతుంది. ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించడం అందులో ఒకటి. పల్లం దిగేటప్పుడు త్వరగా కింది గేర్లకు మారడం ఇంకొకటి.

ఆ రెండోదాని విలువ శ్రీశైలం వెళ్లేవాళ్లకు తెలుస్తుంది. చాంద్రాయణగుట్ట మీదుగా నగరం దాటి, కల్వకుర్తి, దిండి, మన్ననూరు గడిచాక నల్లమల ఘాట్ మొదలవుతుంది. డ్యామ్ దగ్గరకు దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడితే అది వేడెక్కి పట్టు కోల్పోతుంది. కింది గేర్‌లో ఉంటే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది, బ్రేకు చల్లగా ఉంటుంది. ఏ గేర్‌లో ఎక్కుతామో ఆ గేర్‌లోనే దిగాలన్నది ఘాట్ డ్రైవర్ల పాత నియమం. పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగడం ప్రాణాంతకం. అందులో ఆదా కూడా లేదు. గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలితే నేటి ఇంజన్లు పెట్రోల్‌ను దాదాపు పూర్తిగా ఆపేస్తాయి.

హైదరాబాద్ చేతుల్లో

ఈ విద్యకు నగరంలో వందేళ్ల చరిత్ర ఉంది. మొఘల్‌పురాకు దగ్గర్లోనే, ఖిల్వత్‌లోని చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం వాడిన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూడవచ్చు. అది 1912 నాటిది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 ఆల్బియాన్ బస్సులతో మొదలైంది. అప్పటి గేర్‌బాక్సుల్లో పళ్ల చక్రాల వేగాలను కలిపే ఏర్పాటు ఉండేది కాదు. డ్రైవరే కలపాలి. క్లచ్ తొక్కి న్యూట్రల్ చేయడం, వదలడం, రేస్ ఇవ్వడం, మళ్లీ తొక్కి కింది గేరు వేయడం. దీన్నే డబుల్ క్లచ్ అన్నారు. రేస్ కొంచెం ఎక్కువైనా తక్కువైనా పళ్లు కరకరలాడేవి. ఆ పనిని యంత్రమే చేసిపెట్టే సింక్రోమెష్‌ను అమెరికాలో క్యాడిలాక్ కంపెనీ 1928లోనే తెచ్చినా, మన బస్సు, లారీ డ్రైవర్లు చాలా దశాబ్దాల పాటు డబుల్ క్లచ్ మీదే బతికారు. క్లీనర్‌గా చేరి, బండి కడిగి, టైరు మార్చి, ఉస్తాద్ పక్కన కూర్చుని చప్పుడు విని విని స్టీరింగ్ దాకా వచ్చిన తరాలవి.

తర్వాత అంబాసిడర్, ఫియట్ వచ్చాయి. వాటిలో గేరు రాడ్ స్టీరింగ్ పక్కనే ఉండేది. 1983 డిసెంబర్‌లో మొదలైన మారుతి 800 తేలికైన క్లచ్‌తో, కింద నుంచి వచ్చే పొట్టి రాడ్‌తో మధ్యతరగతి ఇళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, డ్రైవింగ్‌ను దగ్గర చేసింది. డ్రైవింగ్ స్కూళ్లలో డబుల్ కంట్రోల్ బండిగా ఏళ్ల తరబడి ఎందరికో చదువు చెప్పింది అదే. బండి బ్యాటరీ దిగిపోతే సందులో నలుగురు వచ్చి తోసేవాళ్లు. సెకండ్ గేర్ వేసి, కాస్త ఊపు వచ్చాక క్లచ్ వదిలితే ఇంజన్ అందుకునేది. గేర్ల బండికి ఈ సౌకర్యం నేటికీ ఉంది, ఆటోమేటిక్‌కి లేదు.

ఆటోమేటిక్ మేలు

ఆటోమేటిక్ తక్కువదని నేననను. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో జనరల్ మోటార్స్ దాన్ని పెద్దఎత్తున తెచ్చింది. అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగువాళ్లకు క్లచ్ అనేదే మరుపుకొచ్చింది. మన దగ్గర 2014లో మారుతి సెలెరియోతో వచ్చిన ఏఎంటీ దాన్ని చిన్న కార్ల ధరకు దించింది. ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్సే. క్లచ్, గేరు మాత్రం మన బదులు కంప్యూటర్ ఆడిస్తుంది. టార్క్ కన్వర్టర్ రకం ఆటోమేటిక్‌లో ప్లేటు బదులు నూనె బలాన్ని అందిస్తుంది కాబట్టి సాఫీగా కదులుతుంది. సీవీటీ రకంలో విడివిడి గేర్లే ఉండవు. పుల్లీల మీద బెల్టు జరిగే కొద్దీ నిష్పత్తి మారుతూ పోతుంది. ఎలక్ట్రిక్ కారులోనైతే గేర్లు మార్చే పనే లేదు, మోటారుకు మొదటి క్షణం నుంచీ బలం ఉంటుంది.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, ఎడమకాలు సహకరించనివాళ్లకు, రోజూ గంటల తరబడి ట్రాఫిక్‌లో గడిపేవాళ్లకు ఆటోమేటిక్ వరం. కానీ గేర్ల నుంచి మారేవాళ్లు రెండు జాగ్రత్తలు పాటించాలి. బ్రేకు వదలగానే ఆటోమేటిక్ తనంతట తాను ముందుకు జరుగుతుంది, ఇరుకు సందులో అది గుర్తుండాలి. బ్రేకుకూ యాక్సిలరేటర్‌కూ కుడికాలు ఒక్కటే వాడాలి, ఎడమకాలు పక్కన పెట్టేయాలి.

చట్టం వదిలేసిన ఖాళీ

బ్రిటన్‌లో ఆటోమేటిక్ మీద టెస్టు పాసైనవాళ్లకు ఆటోమేటిక్ నడిపే లైసెన్సే ఇస్తారు. గేర్ల బండికి మళ్లీ టెస్టు. దుబాయ్‌లోనూ ఇదే పద్ధతి. గల్ఫ్‌లో డ్రైవర్లుగా బతికిన పాతబస్తీ కుటుంబాలకు ఈ తేడా ఎంత ముఖ్యమో తెలుసు. మన చట్టం టూవీలర్ల విషయంలో గేరున్నవి, గేరు లేనివి అని విడదీసింది. కార్ల దగ్గరకు వచ్చేసరికి ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) అని ఒక్కటే రాసి ఊరుకుంది. ఆటోమేటిక్ మీద నేర్చుకుని టెస్టు పాసైన కుర్రాడు మర్నాడే గేర్ల బండి ఎక్కి ఫలక్‌నుమా ఎత్తులో నిలబడినా నేరం కాదు. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం అదే లైసెన్సుతో 7,500 కిలోలు మించని సరుకు వాహనం కూడా నడపవచ్చు. మీరాలం మండీకి సరుకు తెచ్చే చిన్న వ్యాన్లు దాదాపు అన్నీ గేర్లవే. టన్నుల బరువుతో వెనక్కి జారే వ్యాన్ వెనక ఎవరుంటారో ఊహించుకుంటే ఈ ఖాళీ ఎంత ప్రమాదమో తెలుస్తుంది.

చట్టం మారేదాకా బాధ్యత మనదే. గేర్ల బండి నేర్చినవాళ్లు ఆటోమేటిక్‌ను ఒక పూటలో అందుకుంటారు. ఆటోమేటిక్ మాత్రమే తెలిసినవాళ్లకు గేర్ల బండి మళ్లీ మొదటి నుంచీ చదువే. పిల్లలకు డ్రైవింగ్ నేర్పించే తల్లిదండ్రులు ఇంట్లో ఉన్నది ఆటోమేటిక్కే అయినా స్కూల్లో గేర్ల కారు అడగండి. ఎత్తు మీద ఆపి కదిలించడం నేర్పలేదంటే, నేర్పమని నిలదీయండి. రవాణా శాఖ కూడా ఏ బండి మీద టెస్టు పాసయ్యారో లైసెన్సు మీద రాయడం మొదలుపెట్టాలి. గేర్ల కార్ల అమ్మకాలు రేపు తగ్గవచ్చు. బండి బరువునూ ఇంజన్ బలాన్నీ తెలుసుకుని నడిపే డ్రైవర్ల అవసరం మాత్రం ఎప్పటికీ తగ్గదు.